కారు టాపు మీద అమ్మ రాయి

ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే షెడ్డు దాటి నంద్యాల రోడ్డెక్కింది కారు. తోలుతున్నది కీర్తన, బడిలో టీచరు. పక్క సీట్లో ఆమె నాయన యాకోబు, ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు బస్సు నడిపి రిటైరయినాయన. మధ్యాహ్నం రెండు దాటింది.

“...యాభై కిలోలని రాసుండాది నాయనా. టాపు మీద యాభై కిలోలకు మించి పెట్టొద్దని. నేను రాసింది కాదు, కారు చేసినోళ్లు రాసినారు.”

“రాస్తారు. వాళ్లకేం పని? నేను బస్సు టాపు మీద పెండ్లి బీరువా ఎక్కిచ్చినా. ఆ బీరువా మీద పెండ్లికొడుకు బామ్మర్దిని కూర్చోబెట్టినా. బనగానపల్లె దాకా పోయి దింపినా. బీరువాకు గీత పడలా, వానికీ పడలా.”

“ఇది బస్సు కాదు.”

“తెలుస్తానే ఉండాదిలే. అగ్గిపెట్టెకు నాలుగు టైర్లు తగిలిచ్చినట్టుండాది.”

“ఆ అగ్గిపెట్టె నెత్తి మీదనే అమ్మ సమాధి రాయి కట్టినావు. నాలుగ్గంటలకు సమాధుల తోట కాడికి పాస్టరయ్య వస్తాడు, అత్తలొస్తారు, మా బడోళ్లొస్తారు. రాయి యాడమ్మా అని అడిగితే ఏం చెప్పల్ల? శిరివెళ్ల రోడ్డు మీద పడుకోనుండాది, ఆడికే పోయి ప్రార్థన చేసుకోండి అని చెప్పల్లా?”

“పడదు. నేనేసిన ముడి అది.”

“ముడి సంగతి సరే. ముడి కింద బరువెంత?”

“ఉంటాదిలే.”

“ఎంతుంటాది?”

“రాయికెంతుంటాదో అంతుంటాది.”

“బలే చెప్పినావు. మా ఐదో తరగతి పిల్లోళ్లు గూడా ఇంతకన్నా మేలుగా చెప్తారు.”

“నువ్వు రోడ్డు చూడు. లారీ వస్తాండాది.”

“చూస్తాండా. నువ్వు ముందు ఆ టిపను డబ్బా తియ్యి.”

“అదేం చేసింది నిన్ను?”

“డాష్‌బోర్డు మీద స్టీలు డబ్బా పెట్టినావు. దాని కింద ఏముండాదో తెలుసా?”

“ఏముంటాది, ప్లాస్టిక్కు.”

“ఏర్‌బ్యాగు. దేనికన్నా గుద్దుకుంటే సంచి మాదిరి ఉబ్బి ఎగిరొస్తాది. అది నిన్ను కాపాడే లోపల ఈ డబ్బా వచ్చి నీ మూతి మీద పడతాది.”

“చిత్రాన్నమే గదా, పడనీ. ఆకలిగా గూడా ఉండాది.”

“నాయనా.”

“తీసినాలే. ఒళ్లో పెట్టుకున్న్యా. సాలా?”

“సాలలా. ఈ ఇండికేటర్లు నాలుగూ ఎందుకు కొట్టుకుంటాండాయి?”

“నేనే ఏసినా. పైన లోడుండాది గదా, అందరికీ తెలవాల.”

“అవి బండి ఆగిపోయినప్పుడు ఏసేటివి. పోతాండేటప్పుడు ఏస్తే, నేను కుడికి తిరగతాండానో ఎడమకు తిరగతాండానో ఎనకోనికి ఎట్ల తెలుస్తాది?”

“నేను చెయ్యి బయట పెట్టి చూపిస్తా.”

“ముప్పై రెండేండ్లు ఇట్లనే తోలినావా?”

“ఇట్లనే తోలినా. ఒక్క మనిషికి దెబ్బ తగల్లా. డిపోలో సేఫ్టీ మెడల్ ఇచ్చినారు.”

“మెడలిచ్చినోళ్లు ఎప్పుడూ నీ బస్సెక్కుండరు.”

“ఎగతాళి చెయ్యి, చెయ్యి. కొంచెం తొక్కు, అరవైలో పోతే రేపటికి చేరతాం.”

“అరవై దాటను. పైన బరువున్నప్పుడు మెల్లగ పోవాల, బ్రేకు ముందే తొక్కాల, మలుపులో ఇంకా మెల్లగ తిరగాల. బెల్టు పెట్టుకున్న్యావా?”

“అది అరవడంల్యా గదా. పెట్టుకున్నట్టే.”

“అరవడంల్యా ఎందుకంటే, నువ్వు బజార్లో ఒట్టి క్లిప్పు ఒకటి కొనుక్కొచ్చి దాంట్లో దూర్చినావు. బెల్టు మాత్రం నీ ఈపు కింద నలుగుతాండాది.”

“ఊరికే కుయ్యి కుయ్యి అంటాంటే తలనొప్పి.”

“తలుంటేనే గదా నొప్పుండేది. పెట్టుకో.”

“పెట్టుకున్న్యా. మీ అమ్మ గూడా ఇంత అనలా నన్ను.”

“అమ్మ అనింది. నువ్వు ఇనలా.”

“...కొత్తపల్లె కాడ వానొచ్చినట్టుండాది సూడు. ఆ పక్కంతా నల్లగుండాది.”

“వాన సంగతి అడగలా నేను. ఎనక సీట్లు మడిచి, దుప్పటి పరిచి, అమ్మ రాయి లోపల పెట్టుకుందామని నేను పొద్దున్నే చెప్తి. చెప్తినా, లేదా?”

“చెప్తివి.”

“పూలు తీసుకొని రాపో అని నన్ను బజారుకు పంపిచ్చి, నేనొచ్చే లోపల పైకెక్కిచ్చి కట్టేసినావు.”

“సీట్లు గీసుకుపోతాయి పాపా. రాయి గదా.”

“పోయిన నెల శెనగల మూటలేసుకొని దొర్నిపాడు నుంచి వచ్చినావు. అప్పుడు సీట్లు గీసుకుపోలా?”

“అవి శెనగలు.”

“ఇది అమ్మ.”

“అందుకే పైన పెడితి.”

“అమ్మకు ప్రయాణమంటే తల తిరుగుతాది. బస్సెక్కితే కిటికీ పక్క సీటు కావాలనేది. టాపు మీద కూర్చుంటానని ఎప్పుడూ అనలా.”

“నువ్వు ముందు రోడ్డు చూడు పాపా.”

“ఏడాది నుంచి కట్టె సిలువతో ఉండాది నాయనా. రెండు వానలకు దాని మీద రంగు పోయె, పేరు గూడా పోయె. పోయిన ఆదివారం పోతే ఎవురో ఆ సిలువకు మేకను కట్టేసిన్నారు. ఈ రాయన్నా పగలకుండా చేరాల. నాకింకేమీ వద్దు.”

“చేరతాది. నాక్కూడా అదే గదా.”

“నీకు అదేనంటే ఇంత బరువు ఎట్ల పెడితివి? చూడు, స్టీరింగు ఎడమకు లాగుతాండాది.”

“గాలి.”

“గాలా? ఆ చెట్టు మీద ఆకు కదలడంల్యా.”

“పైన గాలుంటాది. నీకు కనపడదు.”

“మంచిది. ఈ మీటరు మీద నల్ల టేపు ఎందుకుండాదో అది గూడా చెప్పు. అది గూడా గాలికే అంటుకునిందా?”

“ఆడేందో పసుపు లైటు ఎలుగుతాండె. కండ్లల్లో పడతాంటే అంటిచ్చినా.”

“ఎప్పుడు?”

“రెండు దినాలాయెనో, మూడు దినాలాయెనో.”

“లైటెలిగితే టేపు అంటిస్తారా?”

“నా సర్వీసులో మీటరు పనిచేసే బస్సు ఒక్కటి గూడా చూడలా పాపా. లైటెలిగిందంటే చెడిపోయిందని లెక్క.”

“ఏం చెడిపోయిందని?”

“లైటు.”

“నీకు మెడలిచ్చినోళ్లు యాడుంటారో చెప్పు, నేను పోయి వెనక్కిచ్చేసొస్తా. ఇదిగో, టేపు పీకినా. ఇది ఏందో తెలుసా?”

“గుర్రం నాడా మాదిరి ఉండాది.”

“టైరు బొమ్మ. టైర్లో గాలి తక్కువుందని మూడు దినాల నుంచి మొత్తుకుంటాండాది. నువ్వు దాని నోరు మూసి, దాని నెత్తిన రాయి పెట్టి, నన్ను తొక్కమంటాండావు.”

“నంద్యాల పోయినాక చూపిద్దాం. టైము ల్యాదు.”

“రాయి పగిలితే టైముతో ఏం పని? అదిగో, పంచరు షాపు. ఆపుతాండా.”

“పాపా, వద్దు. పోనీ. మెల్లగ పోదాం. నలభైలో పో.”

“ఇందాక తొక్కమంటివి, ఇప్పుడు నలభైనా? దిగు.”

శిరివెళ్ల దగ్గర రోడ్డు పక్క పంచరు షాపు. షాపతని పేరు కొండయ్య.

“అన్నా, గాలి చూడు. నాలుగు టైర్లూ చూడు.”

“ఎనక ఎడమది పద్దెనిమిదే ఉండాది మేడం. ముప్పై మూడుండాల. అంచులో మేకు దిగింది. ఈడ అతుకేస్తే నిలబడదు, స్టెప్నీ మార్చుకోవాల. పైన ఏందది, నాపరాయా?”

“మా అమ్మ సమాధి రాయి.”

“అయ్యో. ఎంతుంటాది బరువు?”

“మా నాయన్నడుగు. నాకైతే చెప్పడంల్యా.”

“పెద్దాయనా, ఎంతుంటాది?”

“నీ పని టైరు గదప్పా. టైరు చూసుకో.”

“టైరే చూస్తాండా. జాకీ పెట్టాలంటే పైది దింపాల. ఇంత బరువుతో లేపితే జాకీ జారుతాది, బండొచ్చి నా మీద పడతాది.”

“దింపాల్సిన పని ల్యా. నేను ఆ పక్క పట్టుకుంటా, నువ్వు లేపు.”

“నువ్వు కారు పట్టుకుంటావా?”

“మా నాయనకు మెడలిచ్చినారన్నా, పట్టుకుంటాడు. నాయనా, దింపుదాం. ఇంకా మూడు కాలా.”

“సరే. దింపుదాం. పాపా, నువ్వు ఆ ఎదురంగట్లో సోడా తాగి రాపో.”

“పొద్దున పూలు. ఇప్పుడు సోడానా?”

“ఎండగా ఉండాది గదా.”

“ఇందాక వానన్నావు. రాయి కాడికొచ్చినప్పుడల్లా నన్ను యాడికో తరుముతాండావు. ఏం తప్పు చెక్కిచ్చినావు దాని మీద? అమ్మ పేరు తప్పు పడిందా?”

“మరియమ్మ అని తప్పెవురు చెక్కుతారు?”

“మరేంది?”

“ఏం ల్యా. నీకు నడుము పట్టుకుంటాదని.”

“నా నడుము బాగనే ఉండాది. అన్నా, నువ్వు ఆ కొస పట్టు. నాయనా, ఈ ముడి యాడ మొదలైతాదో నీకన్నా తెలుసా?”

“జరుగు. నేనిప్పుతా.”

“మెల్లగ, పెద్దాయనా, మెల్లగ. నీ పక్క దించు. మేడం, ఇవి రెండు రాళ్లు.”

“ఒకటేనన్నా.”

“రెండు మేడం. పెద్దదాని కింద చిన్నదుండాది. మధ్యలో గోనెపట్ట ఏసినారు.”

“నాయనా?”

“నువ్వు స్టెప్నీ తియ్యప్పా. డిక్కీలో ఉండాది, పో.”

“ఆయన పోయినాడు. ఇప్పుడు చెప్పు. రెండో రాయేంది? నీకు గూడా ఇప్పుడే చెక్కిచ్చుకున్న్యావా? జత చేపిస్తే తొందరగా ఇస్తామన్న్యారా?”

“ఆ. నాకే.”

“నీకింత చిన్నదా? రెండడుగులు గూడా ల్యా. నీ పేరు పక్కన ఆర్టీసీ డ్రైవరు అని పెట్టాలన్నా చోటు సాలదు.”

“నాకు సాలు. గోనె తియ్యగాకు పాపా.”

“తీస్తాండా.”

“తియ్యగాకు. మీ అమ్మ వద్దనింది.”

“అమ్మ వద్దనిందా?”

“నీకు చెప్పొద్దని నా చేత మాట తీసుకునింది.”

“...నాయనా.”

“ఊ.”

“దీని మీద నా పేరుండాది.”

“ఊ.”

“కీర్తన. కింద యాకోబు, మరియమ్మల బిడ్డ అని. బాగుండాది. బతికున్న బిడ్డకు రాయి చెక్కిచ్చి, దాన్ని దాని నెత్తి మీదనే కట్టి, దాని చేతనే తోలిస్తాండావు. నేను రేపు బడికి పోవాల్నా, వద్దా? అది గూడా చెప్పు.”

“తారీకు చూడు.”

“పంతొమ్మిదొందల ఎనభై తొమ్మిది. నేను పుట్టింది తొంభై ఒకటిలో. పేరు పెట్టినోళ్లు తారీకు తప్పు చెక్కినారు.”

“తప్పు కాదు.”

“తప్పు కాదంటే? ఎనభై తొమ్మిదిలో నేను యాడుండా?”

“నువ్వు లేవు.”

“మరెవురుండారు?”

“మీ అక్క. పదకొండు దినాలు ఉండె. జ్వరమొచ్చె, పాయె. తోటలో గోడవార పూడ్చి, గుర్తుకు ఇటుక పెడితి. ఆ ఇటుక గూడా ఎవురో ఎత్తుకపోయిరి. మీ అమ్మ ప్రతి ఆదివారం ఆ గోడ కాడ నిలబడేది, నువ్వు నీడకనుకునేదానివి. పోయే ముందర నన్ను పిలిచి, నాకు రాయి పెడితే దానికి గూడా పెట్టు, నేనొక్కదాన్నే పేరు పెట్టుకొని పడుకోలేను అనింది. ఇయ్యాల అందరూ పోయినాక నేనొక్కన్నే పెడదామనుకుంటి. లోపల సీట్లో ఏస్తే నువ్వు చూస్తావని పైకెక్కిస్తి. బరువెక్కువని నాకు తెలవదా పాపా? తెలుసు. నువ్వు చూస్తావనే భయం దానికన్నా ఎక్కువుండె.”

“నేను చూస్తే ఏమైతాది? నాకెందుకు చెప్పగూడదు?”

“ఆ పేరు ముందు ఆ బిడ్డది పాపా. దాన్ని పిలవకుండా ఉండలేక, మీ అమ్మ మళ్లీ నీకు పెట్టుకునింది.”