సుద్దముక్కతో ఎండబెట్టిన కందులు

ఓబుళమ్మ అని ఒకామె ఉండేదంట. ఎకరా మిట్టచేను, వానొస్తే కారే కొట్టం, పెండ్లినాడు వాళ్ళమ్మ ఒళ్ళో పోసి పంపిన ఎర్రమచ్చ కంది విత్తనం, అంతే ఆమెకున్నది. మొగుడు పోయి రెండేండ్లు. మరిది సిద్దప్ప దినామూ గట్టు మీద నిలబడి, "వదినా, ఈ ఏడు గాని చేను బీడు పడిందనుకో, నేను దున్నుకుంటా, మళ్ళా నన్ను అనొద్దు" అంటా ఉండేవాడంట. ఎంత ప్రేమో చూడండి. కాబట్టి ఆమెకు కావాల్సింది ఒకటే, తొలివాన పడినాక మూడు దినాల్లో విత్తనం నేలలో పడాల. ఆ మాట మనసులో పెట్టుకొని కాయలు ఒలవండి. నేను చెప్తా ఉంటే చేతులు ఆపేస్తున్నారు.

ఆ ఊళ్ళో ఆడోళ్ళంతా కలిసి ఒక విత్తనాల కొట్టు పెట్టుకున్నారనుకో. జీతం లేదు, బత్తెం లేదు, అంతా సేవ. పాడుబడిన బడి గదిలో వరసగా కుండలు, ఎవరి కుండ మీద వాళ్ళ బొట్టుగుర్తు. కందుల్లో బూడిద కలిపి, వేపాకు వేసి, మూతకు పేడమన్ను మెత్తి పెట్టినారు. ఇంక ఉండేది ఒకటే పని. అమాస అమాసకూ మూత తీసి, గింజలు చాపల మీద పోసి ఎండబెట్టి, మళ్ళా మెత్తాల. మరిస్తే పుచ్చుపురుగు తినేస్తాది. కొట్టుకు ఐదుమంది పెద్దలు, ఆ ఐదుమందికీ పెద్ద సుంకమ్మ. తాళంచెవి ఆమె నడుముకే. "మన కొట్టులో దాపరికం ఉండకూడదు, జరిగిందంతా జనానికి తెలియాల" అని ఆమే బయట గోడకు ఒక నల్లబోర్డు కొట్టించిందంట. దాని మీద రాసేదానికి ఒక పిల్లను పెట్టినారు. బడికి పోయింది కాదు, పాత కాగితం పొట్లాలు చదువుకొని తనంతట తానే అక్షరాలు నేర్చుకున్న పిల్ల. గుండ్రంగా ముత్యాల మాదిరి రాస్తాదని ఊరంతా పొగిడేది. అమాస రాంగానే ఆ పిల్ల సుద్దముక్క తీసుకొని, 'అన్ని కుండలూ ఎండబెట్టబడినవి' అని రాసేది. జనం వచ్చి చదివి, "ఎంత పద్ధతిగా నడుపుతున్నారమ్మా" అని సంతోషపడి పొయ్యేవాళ్ళు. బోర్డును మాత్రం దినామూ తడిగుడ్డతో తుడిచేవాళ్ళు. కుండల మీద దుమ్ము ఎవురూ చూడలే.

ఓబుళమ్మ ఒకసారి మధ్యలో అడిగిందంట, "సుంకక్కా, ఒకసారి నా కుండ చూస్తాను" అని. సుంకమ్మ మొగం చిన్నబుచ్చుకొని, "ఏమ్మే, మా మీద నమ్మకం లేదా? కాళ్ళరిగేటట్టు ఊరికి చేస్తాండాం. బోర్డు చూసుకో, అంతా రాసే ఉండాది" అనె. పక్కనున్న నలుగురు పెద్దలూ ఆ పొద్దంతా ఓబుళమ్మతో మాట్లాడలే. అడగడమే పెద్ద తప్పయిపాయె. ఏం చేస్తాది, కొట్టం కారతాదని ఉన్న విత్తనమంతా అక్కడే పెట్టింది, ఇంట్లో గుప్పెడు కూడా ఉంచుకోలే.

ఏమైందంటే, ఆరు అమాసలు పోయినాక వాన పడింది. నేల తడిసి మంచి పదునెక్కింది. ఓబుళమ్మ తెల్లారేసరికి కొట్టు ముందర గంప పెట్టుకొని కూర్చుండె. సుంకమ్మ వచ్చి, "మూత తియ్యాలంటే ఐదుమందీ ఉండాల, అది కట్టుబాటు. ఈరక్క మనవరాలి పుట్టెంటికలకు పోయింది, రానీ" అనె. రెండో దినమూ అదే మాట. మూడో దినం పదును ఆరిపోతా ఉంది. గట్టు మీద సిద్దప్ప నాగలికి కర్రు బిగించుకుంటా ఉన్నాడంట, పాపం, వదిన మీద దయతో. అప్పుడు ఓబుళమ్మ అరవలే, ఏడవలే. బోర్డు రాసే పిల్లను పిలిచి, "పాపా, ఎండబెట్టినారని రాసినావే, యే చాపల మీద పోసినారు? యాడ పోసినారు? నువ్వు చూసినావా?" అని అడిగె.

పుల్లక్కా, నవ్వద్దు. ఏమంటావు? 'అంట, అంట అంటావు, నువ్వూ అక్కడే ఉన్యావు కదా' అంటావా? ఉన్యాను. 'అంట' అని చెప్పుకుంటే కొంచెం దూరంగా నిలబడినట్టు ఉంటాది, సిగ్గు తక్కువ. సరే, ఆ పిల్ల నేనే. మొదటి అమాసకు చూసే రాసినా. సుంకమ్మ మిద్దె మీద చాపలు పరిచి, ఎర్రగా కందులు ఎండుతున్నాయి. కొట్టువే అనుకున్యా, ఎవరివని అడగలే. రెండో అమాసకు తెలిసింది, అవి ఆమె ఇంట్లో సొంత విత్తనాలు. తెలిసీ రాసినా. ఐదుమంది పెద్దల్లో ఒక్కొక్కరూ మిగతా నలుగురు ఎండబెట్టినారని అనుకున్నారు, నేను రాస్తే అది నిజమని వాళ్ళు అనుకున్నారు, వాళ్ళు అనుకుంటున్నారని నేను రాసినా. నా అక్షరాలు బాగుండాయని మెచ్చుకుంటా ఉంటే చెయ్యి ఆగలేదు పుల్లక్కా. అంత రుచిగా ఉంటాది ఆ మాట.

ఓబుళక్కతో, "చూడలేదక్కా" అన్యా. అంతే. ఆమె సుంకమ్మ దగ్గరికి పోయి చెయ్యి చాపింది, తాళంచెవికి. చుట్టూ అప్పటికి ఊరంతా చేరింది, ఎవురి కుండ మీద వాళ్ళకు భయం. సుంకమ్మ ఇచ్చేసింది. లోపలికి పోయి ఓబుళక్క మూత తియ్యలే, కుండకు చెవి ఆనించింది. లోపల కరకరమని చప్పుడు, సన్నటి వాన పడినట్టు. మూత పగలగొడితే పిండి లేచింది, పిండితో పాటు పురుగులు. అన్ని కుండలూ అట్లే. సుంకమ్మ వెంటనే, "వాన ముందుగా వచ్చింది, దానికి మనమేం చేస్తాం" అనె. వాన వచ్చిందీ ఏటేటా వచ్చే కాలానికే. ఆమె మాటకు తల ఊపినోళ్ళు కూడా ఉన్నారు, అలవాటు.

ఓబుళక్క ఒక మాట అనె, "దారిన పోతా చూసినా, మీ మిద్దె మీది కందులు బాగుండాయి కదా సుంకక్కా. అమాస తప్పకుండా ఎండబెట్టినావు. రెండు సేర్లు తెప్పించు, నా చేను బీడు పడకూడదు." అందరూ సుంకమ్మ వైపు చూసినారు. అంతమంది చూస్తాంటే తెప్పించక ఏం చేస్తాది. కానీ గంపలో పోస్తా పోస్తా నాతో, "పాపా, అధ్యక్షురాలు తన సొంత విత్తనం దానం చేసినట్టు బోర్డు మీద రాయి, నీ చేతిరాత బాగుంటాది" అనె.

సుద్దముక్క చేతికి ఇచ్చినాది. నేను పోయి రాసినా: 'ఆరు అమాసలు ఏ కుండా తెరవలేదు. చూడకుండా రాసింది నేను.' కింద నా పేరు పెట్టినా. నా జన్మలో అంత వంకరగా రాసింది లేదు. ఎవురూ మెచ్చుకోలే.

ఆ పొద్దే ఓబుళక్క విత్తింది. సిద్దప్ప కర్రు ఊడదీసుకొని ఇంటికి పాయె. పిండిలో నుంచి మేమందరం కూర్చొని ఏరితే ఎర్రమచ్చ కందులు దోసెడు మంచివి దొరికినాయి, వాటిని గట్టు వెంబడి వేసుకొనింది. అవి మొలిచినాయి, ఇప్పుడు మళ్ళా కుండెడైనాయి. సుంకమ్మే ఇంకా పెద్ద. ఎక్కడ సభ జరిగినా, దాపరికం లేకుండా కొట్టు నడపడం ఎట్లనో ఆమే లేచి చెప్తాది. జనం చప్పట్లు కొడతారు. కాకుంటే అమాసనాడు చాపలు వీధి నడిమధ్యన పరుస్తాం, దారిన పొయ్యే ఎవురైనా చెయ్యి పెట్టి చూడొచ్చు. బోర్డు మీద నేను రాయడం లేదు. దాని మీద ఇప్పుడు కోళ్ళు కూర్చుంటాయి.

అదీ కథ. ఇంక మీరు ఎంత మటుకు ఒలిచినారు? గంపెడా, పుల్లక్కా? చెప్పొద్దు. ఆ చేట ఇట్లా తొయ్యి, చూస్తా.