తొమ్మిది గంటల కబుర్లు

విమానం పైకి లేచింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ, పక్కసీటు యువకుడి ఒళ్లోని నీలం పెట్టెను చూసింది.

"అది పైన పెట్టుకోరాదూ బాబూ? తొమ్మిది గంటల ప్రయాణం."

"వద్దమ్మా. ఒకాయన దానమిచ్చిన ఎముక మూలుగ ఇది. చేతిలోంచి వదలకూడదు."

"ఎవరికి?"

"పేరు చెప్పరు. రక్తం జబ్బు చేసిన ఏడేళ్ల పాపకట. ఏడు వేల కిలోమీటర్ల దూరం, సాయంత్రానికల్లా ఆసుపత్రిలో ఇవ్వాలి."

"నీ కళ్లేమో మూతలు పడుతున్నాయి."

"నిన్నట్నుంచి నిద్ర లేదు. అదే భయం."

"నేను కబుర్లు మొదలెడితే మా ఇంట్లోవాళ్లు పారిపోతారు. నువ్వెక్కడికి పోతావులే. మా పెళ్లి దగ్గర్నుంచి చెప్పనా?"

"చెప్పండమ్మా."

విమానం దిగాక "పరిగెత్తు నాయనా" అనబోతే ఆవిడ గొంతు బొంగురుపోయి మాట బయటికి రాలేదు. చేత్తో సైగ చేసింది.