లీత్ వెలుగుకు చెక్కిన కార్నీసు

1811 మే పదిహేనో తేదీన శ్రీ గిల్బర్ట్ హాలిబర్టన్ గారు ఎడిన్‌బరోలోని మన వాస్తుశిల్ప కార్యాలయంలో నక్షాలు గీసే ఉద్యోగంలో చేరారు. అప్పటికి వారి వయసు ఇరవై. కెల్సోలో వడ్రంగం చేసే తండ్రి దగ్గర రంపం, బాడిస పట్టిన చేతితోనే ఇక్కడ కలం పట్టారు.

ఆరేళ్లు ఇతరుల నక్షాలకు నకళ్లు తీశాక, 1817లో కార్యాలయం వారిని ఏథెన్స్ పంపింది. గ్రీకుల ప్రాచీనాలయాలను ఒరవడిగా పెట్టుకుని కట్టడం అప్పటికే మన నగరంలో రివాజు. అందరూ పుస్తకాల్లోని బొమ్మలు చూసి గీస్తున్న ఆ రోజుల్లో హాలిబర్టన్ గారు నిచ్చెనలెక్కి, స్తంభాల మీద చూరులా ముందుకు పొడుచుకొచ్చే రాతి అంచులను, అంటే కార్నీసులను, స్వయంగా కొలిచి, రెండేళ్ల తర్వాత జ్వరంతో చిక్కి, కొలతలతో తిరిగి వచ్చారు. ఆ కొలతల మీది నమ్మకంతోనే, మన నగరపు రేవైన లీత్‌లోని ధాన్యం వర్తకులు తమ సభాభవనం కట్టే పనిని మనకు అప్పగించారు. హాలిబర్టన్ గారు సొంతంగా రూపొందించిన మొదటి భవనం అదే.

1822 అక్టోబరులో కార్నీసు రాళ్లు మొదటి మూడూ పైకెక్కాయి. వర్తకులు వచ్చి చప్పట్లు కొట్టి, పనివారికి బీరు పోయించారు. హాలిబర్టన్ గారు వీధి దాటి అవతల నిలబడి చూశారు. ఏథెన్స్‌లో అంత దూరానికీ గీత గీసినట్టు కనిపించిన అంచులు ఇక్కడ, ఉత్తరపు ముఖాన, సముద్రం మీంచి వచ్చిన మంచులో, ఒక్కటీ కనబడలేదు. కార్నీసంతా చెక్కని రాయిలా ఉంది.

రాతిపని మేస్త్రీ డంకన్ టాడ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మీరిచ్చిన కొలతేనండీ. వెంట్రుకవాసి తేడా ఉంటే నా ఉలి సముద్రంలో పారేస్తాను."

"తేడా లేకపోవడమే తప్పైంది, టాడ్."

ఆ తప్పు మరెవరి కంటా పడలేదు. మిగిలిన రాళ్లన్నీ షెడ్డులో చెక్కి సిద్ధంగా ఉన్నాయి. ఊరుకుంటే భవనం లేస్తుంది, పేరు వస్తుంది. చెబితే ఆ కొలతల మీది నమ్మకమూ, దానితోపాటు ఉద్యోగమూ పోవచ్చు. ఆ సాయంత్రం భార్య యూఫీమియా గారికి ఈ సంగతి చెప్పారు. ఆమె అప్పుడు నిండు చూలాలు. రోజూ ఆ వీధినే నడవాల్సింది మీరే కదా అని మాత్రం ఆమె అన్నారట.

మర్నాడు వర్తక సంఘం పెద్ద వాచోప్ గారి దగ్గరికి వెళ్లారు.

"రెండేళ్లు నిచ్చెనల మీద వేలాడానన్నావు. ఇప్పుడా కొలతలు తప్పంటావా, అబ్బాయ్?"

"కొలతలు తప్పు కాదండీ. అవి అక్కడి ఎండకు చెక్కినవి. ఆ ఎండ కింద నీడ పడితేనే అంచు కనబడుతుంది. మనకా ఎండ లేదన్న సంగతి గీసేటప్పుడు నాకు తట్టలేదు."

"ఎండ దిగుమతి చేసే ఓడ మా దగ్గరా లేదు."

ఒక రాయిని అంచుల కింద లోతుగా తొలిపించి పాత రాళ్ల సరసన పెడతామనీ, మబ్బు రోజున వీధి అవతలి నుంచి తేడా కనబడకపోతే తాను పని వదిలి వెళ్తాననీ హాలిబర్టన్ గారు చెప్పారు. వారం తిరిగాక వాచోప్ గారు వచ్చారు. ఏది కొత్తదో తనకు చెప్పవద్దన్నారు. కాసేపు చూసి, చేతికర్ర నడిమి రాతి వైపు చాచారు. కొత్తది అదే. పైకెక్కిన రాళ్లు మళ్లీ షెడ్డుకు దిగాయి, అన్నిటి అంచులనూ లోతుగా తొలిచారు. భవనం తెరవడం మరుసటి వేసవికి జరిగింది.

ఆ తర్వాత పెర్త్‌లో పాఠశాల, డండీలో చర్చి కట్టారు. 1834లో మన ప్రధాన వాస్తుశిల్పి అయ్యారు. ప్రతి కార్నీసునూ ముందు గారతో నిజమైన పరిమాణంలో పోసి పరంజా మీద నిలబెట్టడం, వీధి అవతలి నుంచి చూడటం మన కార్యాలయపు పద్ధతి అయింది. ఎండ కాసిన రోజున చూడమని పిలిస్తే, వాతావరణం బాగాలేదని చెప్పి వెనక్కి పంపేవారు.

నిన్నటితో వారి ఉద్యోగం ముగిసింది. వారికీ యూఫీమియా గారికీ ఆయురారోగ్యాలు కలగాలనీ, వారి కంటిచూపు చాలాకాలం చెక్కుచెదరకుండా ఉండాలనీ కోరుకుంటున్నాం. మబ్బు పట్టిన రోజుల్లో హాలిబర్టన్ గారు మనం కడుతున్న భవనాల ఎదుట ఇంకా ఎన్నో ఏళ్లు ఆగి తలెత్తి చూడాలి. వారు ఏమీ అనకుండా ముందుకు సాగిపోయిన రోజున మనం పైరాయి ఎక్కించుకోవచ్చు.