పాలల్లో కలిపిన మాత్ర

అలా గుడ్లురిమి చూడకండి, కళ్ళల్లో చుక్కలు ఇప్పుడే వేసి వెళ్ళింది నర్సు. నోటి పుండ్లు మానేదాకా మాట్లాడొద్దంది కదా డాక్టరమ్మ? కాస్త వినండి.

తప్పు నాదే గాని, మీరు మాత్రం తక్కువ తిన్నారా? దద్దుర్లొస్తే కొత్త సబ్బన్నారు. జ్వరమొస్తే ఎండన్నారు. పెదాలు బొబ్బలెక్కితే పక్కింటి పిల్లి మీద పెట్టారు. వీపు మీది చర్మం చొక్కాకి అంటుకుని ఊడొచ్చాక గాని ఆస్పత్రికి కదల్లేదు.

డాక్టరమ్మ చూడగానే చెప్పేసింది, ఏదో మందు పడలేదని. "ఈ రెండు నెలల్లో ఏం మాత్రలు వేసుకున్నారు?" అంది. ఒక్కటీ లేదని మీరు వేలు అడ్డంగా ఊపారు. నిజమే పాపం. మీకు తెలిసి ఒక్కటీ లేదు.

ఆగండి, లేవకండి. చెప్తున్నాగా.

లిఫ్టులు బాగుచేసే మనిషికి రోజంతా మెట్లెక్కడమే పనాయె. ఇంటికొచ్చి మోకాలు పట్టుకుని మూలుగుతారు, మాత్రంటే మొహం తిప్పుకుంటారు. మా అన్నయ్యకి కీళ్ళనొప్పి ఏదో మాత్రతో తగ్గిందట. మూడట్టలిచ్చాడు. పొడి చేసి పొద్దున్నే మీ పాలల్లో కలిపాను. మూడు వారాలు. పాలు చేదుగా ఉన్నాయన్నారు మీరు. పాలవాణ్ణి మార్చాను.

మొన్న ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసి తెమ్మంది డాక్టరమ్మ. ఒక్కో అట్టా తీసి చూస్తూ, అన్నయ్య ఇచ్చినదాని దగ్గర ఆగింది.

"ఇదెవరిది?"

"నాదేనండీ."

"మీకు యూరిక్ యాసిడ్ ఉందా?"

అదేమిటో నాకేం తెలుసు? "కొంచెం ఉందండీ" అన్నాను.

"అయితే రక్తం చూద్దాం, చెయ్యి చాపండి" అంది. సూది చూసేసరికి అంతా కక్కేశాను.

ఆవిడ అరవలేదండీ. "ఆఖరిది ఎప్పుడిచ్చారు?" అంది. ఇక్కడ చేర్చిన రోజున కూడా, మరీ నీరసంగా ఉన్నారని, ఒకటికి రెండు కలిపానని చెప్పాను. ఆవిడ అది కూడా రాసుకుని నర్సుని పిలిచింది.

ఆ మందు ఆగింది. ఇవాళ కొత్త బొబ్బలు లేవన్నారు, గండం గడిచిందన్నారు. ఈ జన్మలో ఆ మాత్ర ముట్టకూడదని రాసిచ్చిన కార్డు నా పర్సులో ఉంది.

నోరు మానాక తిట్టండి, ఎంతసేపైనా వింటాను. మా అన్నయ్యని మాత్రం ఏమీ అనకండి. డాక్టర్ని అడిగి వెయ్యమనే ఇచ్చాడు. నేనే అడగలేదు.