నీలం పురికొస కట్టిన గేటు

యార్క్‌షైర్ కొండమీది బీడులో, గుర్రాలబాట పక్క నల్లబురదలో, సైకిలు కింద కాలు ఇరుక్కుని పడున్న మనిషి ఆమోస్ కంటబడేసరికి అక్టోబరు పొద్దు వాలుతోంది.

“అబ్బా! మెల్లగా, పెద్దాయనా!”

“మెల్లగానే ఎత్తుతున్నా. సైకిలా ఇది, దున్నపోతా? ఇదిగో, వచ్చేసింది. కాలు కదుపు.”

“కదలట్లేదు. విరిగినట్టుంది.”

“విరిగినట్టు కాదు, విరిగింది. ఎప్పుడనగా పడ్డావు?”

“పన్నెండింటికి. ఇక్కడ ఫోను పలకదు. ఒక్క మనిషీ రాలేదు. మీరు రాకపోతే...”

“తెల్లారేసరికి బిగుసుకుపోయేవాడివి. మంచు దిగుతోంది చూడు. ఇదిగో ఫ్లాస్కు, రెండు గుక్కలు టీ తాగు. తాగాక నా బండెక్కిస్తా. పేరేంటి?”

“క్లైవ్. లీడ్స్ నుంచి.”

“నేను ఆమోస్. ఈ గొర్రెలన్నీ నావే. రాళ్ళమీద సైకిలు తొక్కడానికి అంతదూరం నుంచి వచ్చావా? మీ ఊళ్ళో రోడ్లు వెయ్యలేదా?”

“నవ్వించకండి, కాలు లాగేస్తోంది. మా సైకిళ్ళవాళ్ళంటే మీకు పడదు, తెలుసు.”

“గేట్లు బార్లా వదిలేసి పోతారు. అందుకు.”

“నేనలాంటోణ్ణి కాదు! ప్రతి గేటూ మూసే వెళ్తా. ఆ ఊట దగ్గరి గేటు మీదేగా? పోయినేడాది ఎవడో తెరిచి వదిలేస్తే నేనే మూశా.”

“ఏ నెల్లో?”

“జూన్లో. ఎండ మండిపోతోంది, బాగా గుర్తు.”

“తెరిచి వదిలేశాడా? ఊరికే?”

“ఊరికే కూడా కాదు, నీలం పురికొసతో గోడకి కట్టేశాడు, వెధవ. నాలుగైదు ముళ్ళు. ఎంతకీ రాకపోతే పళ్ళతో విప్పా.”

“పళ్ళతో.”

“అవును! గొళ్ళెం కూడా వేశా. ఏం, పెద్దాయనా, అలా చూస్తారు?”

“ఆ ముళ్ళు నేనేసినవి.”

“మీరా? ఎందుకు?”

“పై బీట్లో చుక్క నీళ్ళు లేవు. గొర్రెలు దిగొచ్చి ఊటలో తాగుతాయని. మా ఆవిడ ఆపరేషనుకని పట్నం వెళ్ళా. ఐదోరోజు వచ్చేసరికి ముప్ఫైఒక్క తల్లిగొర్రెలు, పిల్లలతో సహా, గేటుకి మూతులు ఆనించి చచ్చున్నాయి.”

“అయ్యో... నాకు తెలీదు... నిజంగా...”

“మా తమ్ముడు జోసయా మూశాడనుకున్నా. ఇద్దరికీ గోడ తగాదా ఉండేది. నేను కాదన్నయ్యా అని గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. కుక్కని ఉసిగొల్పా. ఈ ఈస్టరుకి పోయాడు. మట్టెయ్యడానికీ వెళ్ళలేదు నేను.”

“క్షమించండి. మీ కాళ్ళు పట్టుకుంటా. ముందు నన్ను కిందికి...”

“గేటుకి రేకు కొట్టి ఉంటుంది. చదివావా?”

“ఆఁ... చదివినట్టే గుర్తు.”

“ఏముంది దానిమీద?”

“ఎలా ఉన్న గేటుని అలాగే వదలండి... అని. కానీ మంచికేగా నేను...”

“ఫ్లాస్కు ఇటివ్వు.”

“ఆమోస్ గారూ, బండెక్కించండి చాలు, ఎంతన్నా... ఏం చేస్తున్నారు? సైకిలెందుకు ఎత్తుతున్నారు? అయ్యా! వద్దు! వద్దు!”

“కదలకు. నేనొచ్చేటప్పటికి ఇది నీ కాలుమీదే ఉంది.”