నల్ల ఊలు తాడు

త్సెతిన్యె ఊళ్ళో వాన పడని రోజుంటే అదీ వార్త. అలాంటి ఒక వాన పొద్దున, ఒకప్పుడు పాత రివాల్వర్లు బాగుచేసిన మాషన్ దుకాణం గడప బ్లాగోత ఏడాది తరవాత తొక్కాడు. మర్నాడు బ్లాగోత కొడుకు నోవిత్స సంవత్సరీకం.

"వద్దు, కూర్చోను. కూర్చోడానికి రాలేదండీ నేను."

"'అండీ' ఏంట్రా బ్లాగోతా? యాభై ఏళ్ళు ఒరే అంటే ఒరే అనుకున్నాం. ఇప్పుడు నాకు అండీ తగిలిస్తావా?"

"మాషన్ గారూ, పనుండి వచ్చాను. చేస్తారా, చెయ్యరా?"

"సరే. గారూనే. ఆ గొడుగైనా పక్కన పెట్టు… పెట్టండి. తువ్వాల్లో ఏంటది?"

"తెలీదా?"

"తెలుసు. ఆ బరువు తెలుసు నాకు."

"అయితే విప్పండి."

"దీన్ని నేను ముట్టుకోకూడదు. లైసెన్సు లాగేసుకున్నారుగా. ఇప్పుడు నేను కత్తెరలకి సానపట్టేవాణ్ణి. చూడు, బల్ల నిండా ఊళ్ళో దర్జీల కత్తెరలే."

"ఇది ఇప్పుడు తుపాకి కాదు. మావాడి చేతిలో పేలి పగిలిన ఇనుము. పోలీసులే పోయిన వారం సంతకం పెట్టించుకుని ఇచ్చేశారు."

"అయ్యో… ఎముక పిడి అలాగే ఉందే. వారం రోజులు రుద్దాడు మా నోవిత్స దీన్ని. ఆ పాత పసుపు పోకూడదు మావయ్యా, ముత్తాత చెయ్యి పట్టిన రంగు అది అని…"

"మా నోవిత్స. మీ నోవిత్స కాదు."

"బాప్తిస్మం నాడు వాణ్ణి చేతుల్లో ఎత్తుకున్నది నేను. వాడి జ్ఞానతండ్రిని నేను."

"ఎత్తుకున్నారు. చివరికి ఏం చేశారో కూడా ఊరందరికీ తెలుసు."

"తెలుసు. నేనే చెప్పాను కదా, విచారణలో."

"చెప్పారు."

"స్తానా ఎలా ఉంది?"

"మా ఆవిడ సంగతి మీకెందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను. అడగాలనిపించింది, అడిగాను."

"మాట్లాడదు. వాడి గది తలుపు తియ్యదు. చాలా?"

"చాలు."

"పని వినండి. పిడి కింద తాడు కట్టుకునే రింగు ఊడిపోయింది. అది బిగించాలి. రింగు ఇదిగో. తాడు ఇదిగో."

"కాల్చడానికి పనికిరానిదానికి రింగెందుకు?"

"రేపు సంవత్సరీకం. పంచిపెట్టడానికి ఇంట్లో గోధుమలు నానబోశారు. ఫాదర్ ప్రార్థన అయ్యాక చర్చి ముందు మా చుట్టాలూ మీ చుట్టాలూ అందరూ ఉంటారు. పాతవాళ్ళ పద్ధతి గుర్తుందా మీకు? మనిషి ప్రాణం పోవడానికి కారణమైనవాడు ఏం చేసేవాడు?"

"ప్రాణం తీసిన ఆ ఆయుధాన్నే మెడలో వేలాడేసుకుని మోకాళ్ళ మీద వచ్చేవాడు."

"అవతలివాడు?"

"మనసొప్పితే లేపేవాడు. మెడలోది తీసేసి, ముద్దుపెట్టుకుని, ఇవాళ్టితో సరి అనేవాడు. మా తాత చూశాట్ట. ఇప్పుడెవరు చేస్తున్నార్రా అవన్నీ?"

"రేపు చేస్తారు."

"అంటే…"

"రింగు బిగిస్తారా, లేదా?"

"బిగిస్తాను. వస్తాను కూడా. మోకాళ్ళు వాచాయి గానీ, వస్తాను. గేటు దగ్గర్నుంచే రమ్మంటే గేటు దగ్గర్నుంచే."

"వెళ్ళడానికి వీల్లేదు!"

"యాగ్లికా, నువ్వు లోపలికి పో."

"నా మొగుడి దుకాణం, నా చేతిలో కాఫీ. నేనెక్కడికి పోవాలి? బ్లాగోతన్నయ్యా, ఇదిగో, ముందు తాగు. తరవాత తిడతాను."

"వద్దు చెల్లెమ్మా."

"మా ఇంట్లో నీళ్ళు కూడా ముట్టవన్నమాట. బాగుంది. ఏడాదిగా బజార్లో నన్ను చూస్తే నీ చుట్టాలు అవతలి పక్కకి దాటేస్తున్నారు. చర్చిలో నా పక్కన ఎవరూ కూర్చోరు. నువ్వూ దాటావు ఒకసారి, రొట్టెల కొట్టు దగ్గర. చూళ్ళేదనుకున్నావా?"

"చూశావని తెలుసు."

"నలభై ఏళ్ళలో ఈయన చేతిపనికి ఒక్క మాట పడలేదు. ఒక్కో సిలిండర్‌నీ నూనెలో ముంచి, తుడిచి, పైన సున్నం పూసేవాడు. ఎక్కడైనా బీట ఉంటే లోపల దాక్కున్న నూనె చెమ్మలా సున్నం మీదకి వస్తుందని. ఆ సున్నం కలిపేది నేను. మీదానికీ పూశాడు. రెండుసార్లు పూశాడు. పక్కనే నిలబడి చూశాన్నేను. ఎక్కడా చుక్క చెమ్మ రాలేదు!"

"యాగ్లికా!"

"ఏం, అబద్ధమా?"

"వచ్చింది. నువ్వు చూళ్ళేదు. నేనూ సరిగ్గా చూసుకోలేదు. వెంట్రుకంత బీట. రిపోర్టులో రాసుకున్నారు, అయిపోయింది. నువ్వెళ్ళు, పాలు పొంగుతాయి."

"పాలు పొయ్యి మీద పెట్టలేదు."

"అయితే పెట్టు!"

"పెడతా, పెడతా. ఒకటి చెప్పి పోతాను అన్నయ్యా. తప్పుచేసినవాడు నిద్రలో ఏదో ఒకటి కలవరిస్తాడు. ఈయన ఏమీ కలవరించడు. నోవీ, నోవీ అని ఏడుస్తాడంతే. నా ముందు ఏడవమంటే ఏడవడు, నిద్రలో ఏడుస్తాడు. వెళ్తున్నా. కాఫీ ఇక్కడే ఉంది."

"దాని మాటలు పట్టించుకోకు, బ్లాగోతా. నోరలాంటిది. ఇదిగో, ఈ చిన్న మేకు పట్టుకో, రింగు వంకర తీస్తాను."

"రెండుసార్లు పూశారా సున్నం?"

"మేకు ఇలా ఇయ్యి."

"అడిగింది చెప్పండి."

"పూశాను. అందరివాటికీ పూస్తాను."

"చెమ్మ వచ్చిందా?"

"వచ్చిందన్నాను కదా."

"వస్తే కాల్చనివ్వవుగా. కాల్చనివ్వరుగా. ముసలి షుట్కో రివాల్వర్‌కి చెమ్మ వస్తే, దీన్ని గోడకి తగిలించుకో, షూటింగ్ రేంజికి తెచ్చావంటే కాళ్ళు విరగ్గొడతానని పంపేశారు. ఏడ్చినంత పని చేశాడు షుట్కో. మరి నోవిత్సకెలా ఇచ్చారు?"

"ముసలితనం రా. కళ్ళు ఆనలేదు."

"ఇప్పుడా మేకుని కళ్ళద్దాలు లేకుండానే కన్నంలో దూర్చారు."

"…అలవాటైన చెయ్యి. కంటితో పనిలేదు."

"ఊఁ."

"ఈ తాడెవరు పేనారు? భలే బిగువుగా ఉంది. నల్ల ఊలు. కానీ పొట్టిదిరా ఇది. నా బండతల సంగతి నీకు తెలుసుగా, యాగ్లిక నాకు టోపీ కొనాలంటే నాలుగు కొట్లు తిరుగుతుంది. ఇందులోంచి దూరదు. జానెడు ముక్క కలుపుతాను ఉండు."

"తాడు ముట్టుకోవద్దు."

"మెడలో పడొద్దూ?"

"పడుతుంది. తాడు జోలికి పోవద్దన్నాను. రింగు పని చూడండి."

"సరే, సరే. నీ ఇష్టం… ఇది మీ అటక మీద దొరికిన రోజు గుర్తుందా? వాడు గోనెపట్టాలో చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తుప్పు ముద్ద. సిలిండర్ తిరగదు, తూటాని కొట్టే గుర్రం లేవదు. రాజుగారి కాలంలో మీ ముత్తాత నడుములో ఉన్నది, దీన్ని మళ్ళీ మాట్లాడించు మావయ్యా అన్నాడు. నెల్లాళ్ళు కిరసనాయిల్లో నానబెట్టాం. స్ప్రింగు నేను మూడు చేశాను, మూడూ విరిగాయి. నాలుగోది వాడు చేశాడు, పాత గోడ గడియారం స్ప్రింగు ముక్కతో. అది నిలబడింది. ఆ రోజు వాడి మొహం చూడాలి నువ్వు!"

"చూశాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు. సిలిండర్ తిప్పుతూ కూర్చున్నాడు. టక్కు టక్కు మంటుంటే వాళ్ళమ్మ గరిట పట్టుకుని వచ్చింది."

"గరిట పట్టుకునా? నాకు చెప్పలేదే వాడు!"

"చెప్పడుగా, పరువు."

"నవ్వావురా. ఇప్పుడు నవ్వావు నువ్వు."

"లేదు."

"సరే, లేదు."

"ఆ షూటింగ్ పోటీ రోజు పొద్దున వాడు మిమ్మల్ని ఏమడిగాడు?"

"వేణ్ణీళ్ళు. నల్లపొడి తుపాకిమందు కాలిస్తే మసి మసే కదా, వెంటనే వేణ్ణీళ్ళతో, సబ్బుతో కడక్కపోతే సాయంత్రానికల్లా తుప్పు లేస్తుంది. నేనే నేర్పాను, కడగనివాడికి కాల్చే హక్కు లేదని. నీళ్ళు మరగబెట్టి ఉంచు మావయ్యా, గంటలో కడిగేసి కోటర్ ఊరికి పరిగెత్తాలి అన్నాడు. అక్కడ వాడు ప్రేమించిన పిల్లని అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాలిగా మీరు. గోళ్ళనిండా ఈ మసి చూస్తే పిల్లనిస్తారా అని నవ్వాడు."

"ఇంట్లోనూ అన్నాడు, వాళ్ళమ్మతో. ఆ పిల్ల తండ్రి పళ్ళ డాక్టరమ్మా, ముందు నా చేతులే చూస్తాడు అన్నాడు. నేను పక్కగదిలో తూటాలు నింపుతున్నాను."

"నువ్వేగా ఎప్పుడూ నింపేది."

"నేనే. ఈ పాతదానికి తూటాలు ఏ కొట్లో దొరుకుతాయి? అయిదు తూటాలు. నేనే నింపాను."

"బాగా నింపేవాడివి. గురి ఒక్క వేలు కూడా జరిగేది కాదు."

"మాషన్."

"ఊఁ."

"పోయిన వారం దీంతో పాటు రిపోర్టు కాగితాలు కూడా ఇచ్చారు. ఇన్నాళ్ళూ నేను చదవలేదు. చదివాను. లోపల నల్లపొడి మసి దట్టంగా ఉంది అని రాశారు."

"ఉండదా మరి?"

"పోలీసులు రాకముందు దీన్ని చేత్తో పట్టుకున్నది నువ్వొక్కడివే. నువ్వు చెప్పు. మసి ఉందా?"

"ఉంది. నిండా ఉంది. నా చేతులన్నీ అయ్యాయి."

"మళ్ళీ చెప్పు."

"ఎన్నిసార్లురా? మసి ఉంది అంటే…"

"ఉండడానికి వీల్లేదు."

"…రింగు అయిపోయింది. తీసుకో. వెళ్ళు."

"ఉండడానికి వీల్లేదు మాషన్. నేను ఆ రోజు నల్లపొడి పొయ్యలేదు."

"బ్లాగోతా, ఆపు."

"వేటకి వాడే కొత్తరకం పొడి పోశాను. పొగ రానిది, మసి రానిది. ఆ ఒక్క రోజు వాడి గోళ్ళు తెల్లగా ఉండాలని. పాత ఇనుము దానికి తట్టుకోదని నువ్వు నా ముందే వందమందికి చెప్పావు. తగ్గించి పోశాను, చాలనుకున్నాను."

"ఆపమన్నాను! యాగ్లిక వింటుంది."

"విననీ. లోపల ఏముంది? నిజం చెప్పు."

"ఏమీ లేదు. అద్దంలా ఉంది. చూడగానే అర్థమైంది నాకు. నువ్వు వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. చొక్కా విప్పి వాడి మొహం తుడుస్తున్నావు. ఏం చెయ్యమంటావు నన్ను? నా రివాల్వర్ గొట్టంలో వేలు పెట్టి, మసి తీసి దీనికి పూశాను."

"బీట?"

"లేదు. ఎప్పుడూ లేదు. మీ ముత్తాత ఇనుము మంచిదిరా."

"ఆ బీటని పట్టుకుని బతికాన్రా ఏడాది! పొద్దున లేవగానే అదే. బీట ఉంది, మాషన్ చూసుకోలేదు, నేను కాదు, నేను కాదు. విచారణలో నల్లపొడే అన్నాను. నువ్వు తలొంచుకుని నిలబడ్డావు. నీ మొహం చూస్తూ కూడా, నిజంగానే బీట ఉందేమోలే అనుకున్నాను. నీ పెళ్ళాన్ని చూసి వీధి దాటాను. నా అంత పిరికివాడు ఉంటాడా?"

"కొడుకు పోయినవాడు ఏది దొరికితే అది పట్టుకుంటాడు. వదిలెయ్. ఇలా విను. రేపు నేను వస్తాను. మోకాళ్ళ మీద వస్తాను. నువ్వు లేపు. అందరూ చూస్తారు, అంతటితో సరి. నాకా పిల్లల్లేరు. నా పేరు చెప్పుకుని సిగ్గుపడేవాళ్ళు ఎవరూ లేరు."

"యాగ్లిక?"

"తిడుతుంది. ఎలాగూ తిడుతుంది."

"రేపు మోకాళ్ళ మీద వచ్చేది నువ్వని నేనెప్పుడన్నాను?"

"ఏంటి?"

"రేపు చేస్తారు అన్నాను. ఎవరని అనలేదు."

"పిచ్చివేషాలెయ్యకు. అది ఇలా ఇయ్యి. మెడలోంచి తియ్యరా! ఒరేయ్, మోకాళ్ళ మీద కూర్చున్నావేంట్రా, కింద అంతా తడి, లే. లేవరా బ్లాగోతా."

"నువ్వు లేపితే లేస్తాను. ఇవాళ కాదు, రేపు. అందరి ముందు. లేపకపోయినా నేనేమీ అనుకోను."

"స్తానా సంగతి ఆలోచించావా? నేనిదంతా నీకోసం చేశాననుకున్నావా? ఆ తల్లికి కొడుకు పోయాడు. ఈ మాట తెలిస్తే మొగుడు కూడా పోతాడు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని నీ మొహం ఎలా చూస్తుంది? నన్నెంత తిట్టుకున్నా ఫరవాలేదు, ఆవిడకి తెలియకూడదు. ఒట్టెయ్యి. వాడి మీద ఒట్టెయ్యి, తెలియకూడదు!"

"తాడు పొట్టిదన్నావు కదా."

"తాడు గొడవేంట్రా ఇప్పుడు!"

"నాకు సరిపోయింది చూడు. నిన్నంతా కూర్చుని స్తానాయే పేనిందిరా. నా మెడకి కొలిచి."