కలవని మూల

లెక్కల మాస్టారు గీసిచ్చిన బొమ్మను బల్లమీద పరుచుకుని వడ్రంగి తల పట్టుకున్నాడు. భార్య చీపురుతో వచ్చి గడప దగ్గర ఆగింది.

"మూడు కర్రల త్రికోణమేగా, అంత దిగులెందుకు?"

"మూడు మూలలూ మూలమట్టం పెడితే లంబకోణానికి సరిపోవాలటే. రెండు కుదిరాయి, మూడో కర్ర గాల్లోకి పోతోంది. సాయంత్రానికల్లా ఇస్తానని మాటిచ్చాను."

"దాన్నలాగే వదిలేసి ఇలా రా. ఇక్కడ నిలబడి ఒక కన్ను మూసుకో."

మూసుకున్నాడు. ఎడంగా ఉన్న రెండు కొసలూ అతుక్కున్నట్టే కనబడ్డాయి.

"అచ్చం బొమ్మలాగే ఉంది. కానీ ఇది మోసం కాదూ?"

"కలవనిదాన్ని కలిసినట్టు గీసింది ఆయనేగా. వచ్చాక ఆయన్నీ ఇక్కడే నిలబెట్టు."

"దేవుడు రెండు కళ్లిస్తే ఒకటి మూసుకోమంటావు. ఈ విద్య నీకెక్కడ అబ్బిందే?"

"ఇరవై ఏళ్లుగా నీతో కాపురం చేస్తున్నాను కదయ్యా."